ఓడలో నూనె వస్తుంది, చెక్క రాదు

1

ఆ మధ్య నంద్యాలలో ఒక కథాపఠన సభ జరిగింది. ఒక యువరచయిత తన కథ చదివాడు. పత్తికొండ వైపు మెట్టరైతు కథ. వాన రాలేదు, పైరు ఎండింది, అప్పు పెరిగింది, ఎద్దులమ్ముకున్నాడు, చివరకు ఆలుబిడ్డలతో బెంగళూరు దారి పట్టాడు. మాండలికం సహజంగా ఉంది, పాత్రలు సజీవంగా ఉన్నాయి. చర్చలో అందరం మెచ్చుకున్నాం. సీమ కరువును వస్తువుగా తీసుకున్న కథల వరసలో దీనికి చోటుందని నేనూ లేచి చెప్పాను.

అప్పుడు వెనక వరసలోంచి ఒక పెద్దాయన లేచాడు. ఆయన రచయిత కాదు, మనవడి వెంట వచ్చిన సేద్యగాడు. "సారూ, కత బాగుంది. కానీ నేను ఊరిడిసిన ఏడు వానలు బాగనే పడినాయి. బుడ్డలు బాగనే పండినాయి. ధరే లేకపాయ. ఆ కత ఎవురూ రాయరేమి?" అన్నాడు.

సభలో ఎవరూ జవాబు చెప్పలేదు. నేనూ చెప్పలేదు. నలభై ఏళ్లు తెలుగు పాఠం చెప్పినవాణ్ణి. కరువు గురించి ఎన్ని పద్యాలైనా, ఎన్ని కథలైనా ఉదాహరించగలను. పంట పండిన ఏడు రైతు ఊరెందుకు విడుస్తాడో మాత్రం నాకు సరిగా తెలియదని ఆ రోజు తెలిసింది. తర్వాత కొంత చదివాను, కొంత అడిగి తెలుసుకున్నాను. నేను అర్థశాస్త్రవేత్తను కాను. అయినా ఈ విషయం రచయితలకూ, సాహిత్య విద్యార్థులకూ అవసరమనే నమ్మకంతో, నాకు అర్థమైనంతవరకు అర్థమైన పద్ధతిలో చెబుతున్నాను.

2

మా ఊరు పాత కర్నూలు జిల్లా పడమటి మెట్టలో ఉంది. మా వైపు బుడ్డలంటాం. కడప వైపు చెనిక్కాయలంటారు. పుస్తకాల్లో వేరుశనగ. పేరు ఏదైనా దాని చుట్టూ అల్లుకున్న పని ఒకటే. ముందుగా ఆ పనిని చూడాలి.

ఎండాకాలం చివర విత్తనపు కాయలు ఒలవడంతో మా ఏడాది మొదలయ్యేది. గింజ మీది పొర చిట్లితే మొలక సరిగా రాదు. అందుకని విత్తనానికి చేత్తోనే ఒలవాలి. అరుగు మీద పదిమంది ఆడవాళ్లు గుండ్రంగా కూర్చుని ఒలిచేవాళ్లు. మా అమ్మ వాళ్లలో ఒకతె. కూలి కొలత లెక్కన ఇచ్చేవారు. ఆ నెల రోజులూ ఆమె బొటనవేలు పచ్చిపుండుగా ఉండేది. ఆ డబ్బుతోనే నా బడి పుస్తకాలు వచ్చేవి. తొలకరికి గొర్రుతో విత్తడం, గుంటక తోలడం, కలుపు తియ్యడం, మూడున్నర నాలుగు నెలలకు చెట్లు పీకి వామి వెయ్యడం, కాయ తెంపడం. అంతా అయ్యాక ఖాళీ చేలో పిల్లలం పరిగె ఏరుకునేవాళ్లం.

పొలం దాటితే బండ్లవాళ్లు, యార్డులో హమాలీలు, చాటలతో చెరిగే ఆడవాళ్లు, కాయ ఒలిచే డికార్టికేటర్లు, నూనె మిల్లులు. మిల్లులో గింజ వేయించే మనిషి, యంత్రం దగ్గరి మనిషి, డబ్బాలకు మాటు పెట్టే మనిషి, గోతాలు కుట్టే మనిషి, లెక్కలు రాసే గుమాస్తా.

ఇప్పుడు కాయలో ఏముందో చూద్దాం. నూరు కిలోల కాయ ఒలిస్తే ఇంచుమించు డెబ్బై కిలోల గింజ వస్తుంది. దాన్ని ఆడిస్తే ముప్ఫై కిలోలకు కొంచెం తక్కువగా నూనె, నలభై కిలోలకు కాస్త అటూ ఇటూగా చెక్క. చెక్క పాడిపశువుకు, చేనుకు. మిగిలిన ముప్ఫై కిలోల పొట్టు పొయ్యికి, ఇటుక బట్టీకి. చేలో పీకిన కట్టె ఎండాకాలమంతా ఎద్దులకు, గొర్రెలకు మేత. వేళ్ల మీది బుడిపెలు గాలిలోని నత్రజనిని పట్టి నేలలో దాస్తాయి. అంటే ఒక కాయ లోంచి నూనె, చెక్క, పొట్టు, మేత, నేలసారం, వీటన్నిటి మధ్యా మనుషులకు పని వచ్చాయి.

ఓడలో దిగే పామాయిలు లీటరు లీటరే. దానితో పాటు చెక్క రాదు. కట్టె రాదు. ఒలిచే పని రాదు. ఆ చెక్క, ఆ పని ఆ నూనె పుట్టిన దేశంలోనే ఉండిపోతాయి. దిగుమతి గురించి మాట్లాడేటప్పుడు పత్రికలు లీటరు ధర మాత్రమే లెక్కిస్తాయి. లీటరు వెనక ఊడిపోయిన గొలుసును లెక్కించడం ఎవరి పనీ కాదు. అది కథకుడి పని అని నా అభిప్రాయం.

3

ఓడకూ సీమకూ సంబంధం ఈనాటిది కాదు. 1800లో నైజాం ఈ జిల్లాలను కుంపిణీకి వదిలేసిన నాటి నుంచి ఈ నేల మీద పండినదాని ధర సముద్రం అవతల నిర్ణయమవుతూనే ఉంది. కడప నీలిమందు ఒకప్పుడు లండన్ బజారులో 'కర్పా' అనే పేరుతో అమ్ముడుపోయేది. కడప అన్న పేరే అలా మారింది. 1897లో జర్మనీ కంపెనీ కృత్రిమ నీలిమందును బజారులోకి దించాక కొన్నేళ్లలోనే నీలి సేద్యం, దాన్ని నమ్ముకున్న తొట్ల పనీ పోయాయి. అంతకు ముందే లాంకషైర్ మిల్లు గుడ్డ మన నేతగాళ్ల బతుకును దెబ్బతీసింది. మిగిలినవాళ్లను కూడగట్టడానికి 1938లో ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప నేతగాళ్ల సహకార సంఘం పెట్టవలసి వచ్చింది.

వేరుశనగ కూడా మొదట ఓడ కోసమే మన మెట్టల్లో పెరిగింది. దక్షిణ అమెరికాలో పుట్టిన ఈ పైరు ఇరవయ్యో శతాబ్దంలో కొర్రను, జొన్నను పక్కకు నెట్టింది. మద్రాసు తీరం నుంచి కాయ ఫ్రాన్సులోని మార్సెయ్ రేవుకు పోయేది. అక్కడి నూనె మిల్లులు, సబ్బు కార్ఖానాలు దాన్ని తీసుకునేవి. 1929 తర్వాత ప్రపంచ మాంద్యంలో అక్కడ ధర కూలితే ఇక్కడ రైతు కూలిపోయాడు. ఆనాడు ఓడ కాయను తీసుకుపోయింది. ఈనాడు ఓడ నూనెను తీసుకొస్తున్నది. ధర మాత్రం రెండుసార్లూ ఓడలోనే ఉన్నది.

4

ఇక అసలు విషయానికి వస్తాను. 1980ల నడుమ మన దేశం ఏటా పది లక్షల టన్నులకు పైగా వంటనూనె దిగుమతి చేసుకునేది. అయితే దాన్ని తెచ్చింది ప్రభుత్వమే, స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ ద్వారా. అందులో చాలాభాగం కంట్రోలు అంగళ్లకు, డాల్డా ఫ్యాక్టరీలకు పోయేది. ఎంత తేవాలి, ఎప్పుడు తేవాలి అన్నది ప్రభుత్వం చేతిలో ఉండేది.

1986 మేలో నూనెగింజల సాంకేతిక మిషన్ మొదలైంది. విత్తనం, అప్పు, సేకరణ, మిల్లు, అన్నిటినీ ఒకచోట చేర్చే ప్రయత్నమది. 1989 నుంచి 1994 దాకా జాతీయ డెయిరీ అభివృద్ధి మండలి మార్కెట్లో కొని, నిలవచేసి, అమ్మి, ధర మరీ పడిపోకుండా మరీ పెరగకుండా చూసింది. ఫలితం స్పష్టంగా ఉంది. 1985-86లో దేశంలో నూనెగింజల దిగుబడి 108 లక్షల టన్నులు. 1996-97 నాటికి అది 244 లక్షల టన్నుల దాకా పెరిగింది. 1992-93లో దిగుమతి లక్ష టన్నులకు తగ్గిపోయింది. అంటే మెట్టరైతుకు నిలకడైన ధర, కొంచెం ఆసరా ఇస్తే దేశానికి కావలసిన నూనెను దాదాపుగా తానే పండించగలడని ఒకసారి రుజువైంది. ఈ మాట మనం మరచిపోకూడదు.

1994 ఏప్రిల్‌లో పామోలిన్ దిగుమతిని ఎవరైనా చేసుకోవచ్చునని తలుపు తెరిచారు. సుంకం 65 శాతం పెట్టారు. 1995లో మిగతా నూనెల్లో చాలావాటికి కూడా తలుపు తెరిచి సుంకం 30 శాతానికి దించారు. 1998 జూలై నాటికి అది 15 శాతం.

సుంకం ఎలా పనిచేస్తుందో ఒక చిన్న లెక్కతో చెబుతాను. రేవులో వంద రూపాయలకు దిగిన నూనె మీద 65 శాతం సుంకం ఉంటే అది 165 రూపాయలకు బజారుకు వస్తుంది. 15 శాతమైతే 115 రూపాయలకే వస్తుంది. మిఠాయి అంగడివాడు, హోటలువాడు, డాల్డా ఫ్యాక్టరీవాడు ఏ నూనె చవకైతే ఆ నూనె కొంటారు. అక్కడ వేరుశనగ నూనె గిరాకీ తగ్గింది. మిల్లు యజమాని తన నూనె ఎంతకు అమ్ముడవుతుందో, చెక్క ఎంతకు పోతుందో చూసుకుని, ఆడించే ఖర్చూ లాభమూ తీసేసి మిగిలినదాన్నే కాయకు ధరగా చెబుతాడు. కరెంటు బిల్లు తగ్గదు, వడ్డీ తగ్గదు. తగ్గించగలిగింది కాయ ధర ఒక్కటే. ఢిల్లీలో సుంకం దిగితే ఆదోని యార్డులో పాట దిగేది ఈ దారినే.

మన కథల్లో ఈ సన్నివేశం చాలాసార్లు వచ్చింది. రైతు బండి తోలుకుని యార్డుకు పోతాడు, దళారి తక్కువ ధర చెబుతాడు, రైతు ప్రాధేయపడతాడు. దళారి తూకంలో మోసం చేస్తాడు, నిజమే. నేను చూశాను. కానీ ఆ ధరను అతడు పుట్టించలేదు. బొంబాయి నుంచో కాకినాడ నుంచో ఉదయం వచ్చిన ఫోను మాటనే అతడు వల్లిస్తున్నాడు. కథలో దళారి ఒక్కడే దోషిగా నిలిస్తే, అతణ్ణి తిట్టి పాఠకుడు తృప్తిపడతాడు. ఫోను అవతలివాడు కథ బయటే ఉండిపోతాడు.

ఇక్కడ ఒక అపోహ తొలగించుకోవాలి. ప్రపంచ వాణిజ్య సంస్థ మన చేతులు కట్టేసింది కాబట్టి సుంకం పెంచలేకపోయామని చాలామంది అనుకుంటారు, మన వ్యాసాల్లోనూ రాస్తుంటారు. సోయా నూనె విషయంలో ఇందులో కొంత నిజముంది, దాని మీద 45 శాతానికి మించి వేయడానికి వీల్లేదు. పామాయిలు మీద మాత్రం 300 శాతం దాకా వేసుకునే హక్కును మన దేశం నిలబెట్టుకుంది. ఆ హక్కును వాడుకోకపోవడం ఢిల్లీ తీసుకున్న నిర్ణయం. పట్నంలో నూనె ధర పెరిగితే పత్రికల్లో గోల వస్తుంది. పత్తికొండలో కాయ ధర పడితే గోల రాదు. ఈ రెంటిలో ఏది తేలికో అది చేశారు.

5

1999-2000 నాటికి దిగుమతి 40 లక్షల టన్నులు దాటింది. 2022-23లో అది దాదాపు 165 లక్షల టన్నులు, విలువ సుమారు 1 లక్షా 38 వేల కోట్ల రూపాయలు. దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా బయటిదే.

మా దగ్గరి పట్నంలో ఒక నూనె మిల్లు ఉండేది. పేరు అనవసరం. సీజనులో మూడు షిఫ్టులు నడిచేది. దాని గొట్టం కూత విని మా ఊరివాళ్లు పొద్దు చెప్పేవాళ్లు. మొదట మూడు షిఫ్టులు రెండయ్యాయి, రెండు ఒకటయింది, తర్వాత దీపావళి మొదలు సంక్రాంతి దాకా మాత్రమే తెరిచేవారు, ఆ పైన అదీ లేదు. ఏ ఒక్క రోజునా మూసివేత నోటీసు అంటించలేదు. మూతపడినట్టు ఎవరికీ తెలియకుండా మూతపడింది. ఇప్పుడక్కడ కల్యాణమండపం ఉంది. అందులో పనిచేసిన హమాలీ ఒకాయన ఆ మండపం గేటు దగ్గరే కాపలా ఉన్నాడు. "కూత లేదు గానీ బాజాలున్నాయి సారూ" అని నవ్వాడు.

పని అంతా మాయం కాలేదు. పని చోటు మారింది. దిగుమతి ముడినూనెను శుద్ధి చేసే ఫ్యాక్టరీలు కాకినాడ, కృష్ణపట్నం రేవుల దగ్గర వెలిశాయి. అక్కడా మనుషులు పనిచేస్తున్నారు. అయితే ఓడ లోంచి గొట్టం, గొట్టం లోంచి ట్యాంకు, ట్యాంకు లోంచి ప్యాకెట్టు. ఒలిచే చెయ్యి, చెరిగే చాట, తోలే బండి ఆ దారిలో ఎక్కడా లేవు. కోసిగి, మంత్రాలయం, ఆదోని వైపు ఊళ్లు ఏటా తాళాలు వేసుకుని గుంటూరు మిరప చేలకు సుగ్గికి పోతున్నాయి. రేవు ఫ్యాక్టరీలో పుట్టిన ఉద్యోగం ఆ తాళం వేసిన ఇంటిదాకా రాదు.

అన్నిటికీ ఓడనే కారణంగా చూపితే అది మరో రకం అబద్ధమవుతుంది. మా అమ్మ ఒలిచే పనిలో సగం దిగుమతి కంటే ముందే యంత్రం తీసుకుంది. కడప జిల్లాలో బోర్లు పడ్డ చోట అరటి, బొప్పాయి, చీనీ వచ్చాయి. ఆదోని వైపు పత్తి పెరిగింది. 1940లో తమిళ దేశంలోని తిండివనం నుంచి వచ్చిన టి.ఎం.వి.-2 రకాన్నే మన రైతులు దశాబ్దాల తరబడి వేశారు, కొత్త రకాలు ఆలస్యంగా చేరాయి. వానాధారపు చేలో మంచి ఏడు హెక్టారుకు పది క్వింటాళ్ల కాయ పండితే దాని నూనె మూడువందల కిలోలు. పామాయిలు తోట హెక్టారుకు మూడున్నర, నాలుగు టన్నుల నూనె ఇస్తుంది. ఈ పోటీ సమానుల మధ్య కాదు. కాబట్టే అడ్డుగోడ అవసరమైంది. ఆ గోడను దింపినప్పుడు మెట్టసేద్యానికి బదులుగా ఏమీ ఇవ్వకపోవడమే అన్యాయం.

6

ఇప్పుడు ఒక కష్టమైన ప్రశ్న. చవక నూనె వల్ల బాగుపడ్డవాళ్లు లేరా?

ఉన్నారు, మా ఇంట్లోనే ఉన్నారు. నా చిన్నతనంలో మా అమ్మ తిరగమోతకు చిన్న గుడ్డపీలికను నూనెలో ముంచి పెనం మీద రాసేది. పండగకు తప్ప వేపుడు లేదు. ఆమె ఒలిచిన గింజ నూనె ఆమెకు అందే ధరలో ఎన్నడూ లేదు. తర్వాత కంట్రోలు అంగట్లో పామోలిన్ వచ్చాక మా ఇంట్లో బోండాలు కాలాయి. ఆ రోజు ఆమె ముఖం నాకింకా గుర్తుంది. 2013లో 'అమ్మహస్తం' పేరుతో 185 రూపాయలకు తొమ్మిది సరుకులిచ్చినప్పుడు అందులోనూ పామోలిన్ ఉంది. కూలివాడి పొయ్యి మీద ఆ నూనె కాగుతున్నప్పుడు, దిగుమతులు నశించాలి అని నినదించడం నాకు చేతకాదు.

సీమ కూలివాడు రెండు వైపులా నిలబడి ఉన్నాడు. కొనేవాడుగా అతనికి చవక నూనె కావాలి. పనివాడుగా అతనికి బుడ్డల చేను కావాలి. ఒక చేతికి ఇచ్చింది రెండో చేతి లోంచి తీసుకున్నారు. లీటరు మీద మిగిలిన రూపాయలు కనిపించాయి. పోయిన పనిదినాలు కనిపించలేదు. ఈ వైరుధ్యం ఒకే మనిషి లోపల ఉంది. ఇంతకంటే మంచి కథావస్తువు నాకు తెలియదు.

ఇంకో సంగతి చెప్పాలి. ఆ నూనె తీసే దేశంలోని పనివాడు మన శత్రువు కాడు. ఆఫ్రికాలో పుట్టిన ఆ చెట్టును 1917లో మలయాలోని సెలాంగోర్‌లో తోటగా వేశారు. మలయా తోటలకు తమిళులతో పాటు తెలుగు కూలీలు కూడా కంగాణీల వెంట ఓడలెక్కి పోయారు. 1938లో ఆ వలసను ఆపేదాకా పోతూనే ఉన్నారు. మలేసియాలో ఇప్పటికీ తెలుగు మాట్లాడే కుటుంబాలున్నాయి, వాళ్ల తాతలు తోటల్లో పనిచేసినవాళ్లే. తర్వాత ఆ పనికి ఇండోనేసియా నుంచీ బంగ్లాదేశ్ నుంచీ పేదలు వచ్చారు. మనవాడు సుగ్గికి పోయినట్టే వాళ్లూ వచ్చారు. పెరాక్ తోటలో గెల కోసేవాడూ పత్తికొండలో కాయ తెంపేదీ ఒకరినొకరు చూసుకోలేదు. వాళ్లిద్దరి మధ్యా ఉన్నవాడు మాత్రం ఇద్దరి కూలినీ లెక్కగట్టగలడు.

పరాయి నూనె మీద ఆధారపడితే ఏమవుతుందో 2022లో చూశాం. ఉక్రెయిన్ యుద్ధంతో పొద్దుతిరుగుడు నూనె ఆగింది. ఏప్రిల్ చివర ఇండోనేసియా తన పామాయిలు ఎగుమతిని నిషేధించింది, మూడు వారాలకు పైగా ఆ నిషేధం నడిచింది. మూతపడ్డ మిల్లుల ఊళ్లలో జనం నూనె ప్యాకెట్టు ధర చూసి నిట్టూర్చారు. చవక శాశ్వతం కాదు. చవకగా ఉన్నప్పుడు మనం పోగొట్టుకున్నది మాత్రం, ధర పెరిగిన రోజున తిరిగి రాదు.

7

ఇదంతా పాత గొడవ అనుకునే విద్యార్థి మిత్రుల కోసం నల్లరేగడి లోంచి ఇంకో ఉదాహరణ. కోవెలకుంట్ల, ఆళ్లగడ్డ, జమ్మలమడుగు, పెద్దముడియం వైపు చలికాలంలో శనగ పైరు. అక్టోబరు, నవంబరుల్లో విత్తుతారు. జనవరి, ఫిబ్రవరుల్లో కోస్తారు. మంచు మీద పండే పంట.

శనగపిండిలో శనగకు బదులుగా చవకైన పసుపు బఠాణీ కలపవచ్చు. అది కెనడా నుంచీ రష్యా నుంచీ వస్తుంది. 2017 నవంబరులో దాని మీద 50 శాతం సుంకం వేశారు. 2023 డిసెంబరులో ఆ సుంకాన్ని పూర్తిగా తీసేశారు. తేదీ చూడండి. శనగ అప్పటికి చేలో ఉంది. రైతు ఒక సుంకాన్ని నమ్మి విత్తాడు, మరో సుంకం కింద కోశాడు. తర్వాత ఆ మినహాయింపును పొడిగిస్తూ పోయి 2025 నవంబరు 1 నుంచి 30 శాతం సుంకం వేశారు.

నూనె సంగతీ అంతే. ముడి పామాయిలు మీద 2008 ఏప్రిల్‌లో సుంకం సున్నా. 2018 మార్చిలో 44 శాతం. 2022లో అన్నీ కలిపి అయిదున్నర శాతం. 2024 సెప్టెంబరులో 27.5 శాతం. 2025 మే చివర 16.5 శాతం. అన్ని వేలమైళ్ల దూరం నుంచి ఓడను నడిపేవాడు ఈ మార్పును ముందే పసిగట్టి సర్దుకుంటాడు. మూడు నెలలు నేలలో ఉండే పైరును వెనక్కి తిప్పడం రైతుకు సాధ్యం కాదు.

మెట్టసేద్యాన్ని జూదమనడం మనకు అలవాటు. సింగమనేని నారాయణ తన కథాసంపుటికి 'జూదం' అనే పేరే పెట్టారు. వాన పేక ముక్కలు పంచే జూదమది. దాని పక్కనే మరో ఆట నడుస్తున్నది. అందులో ముక్కలు పంచేవాడు మనిషి. అతనికి పేరుంది, కార్యాలయముంది, ఉత్తర్వు మీద తేదీ ఉంది.

మందు లేదా అంటే ఉంది, కొత్తదేమీ కాదు. సుంకం ఎంత ఉన్నా పైరు కాలంలో మార్చకూడదు. 2025-26కు వేరుశనగకు ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 7,263 రూపాయలు. ప్రకటన చాలదు, యార్డులో ఆ ధరకు కొనే మనిషి కావాలి. దేశంలో పామాయిలు తోటలు పెంచడానికి 2021లో 11,040 కోట్ల రూపాయల పథకం వచ్చింది. ఆ చెట్టు నీళ్లు విస్తారంగా తాగుతుంది, గోదావరి జిల్లాల్లో సాగుతుంది గానీ ఆలూరు ఎర్రనేలలో సాగదు. 2020 నుంచి మన రాష్ట్రపు బడుల్లో మధ్యాహ్న భోజనంతో చిక్కీ పెట్టారు. బుడ్డలూ బెల్లమూ. పిల్లవాడి కడుపూ రైతు కాయా ఒకచోట కలిసే దారులు ఇలాంటివే. కంట్రోలు అంగట్లో, హాస్టళ్లలో మన నూనెకు కొంత చోటిస్తే, కొనేవాడుగానూ పనివాడుగానూ ఉన్న ఆ ఒకే కూలివాడికి రెండు చేతులా అందుతుంది.

8

చివరగా సాహిత్యం మాట. విద్వాన్ విశ్వం 'పెన్నేటి పాట' నుంచి మొదలుకొని సీమ రచయితలు కరువును ఎవరూ కాదనలేని సత్యంగా నిలబెట్టారు. అది గొప్ప పని. కానీ కరువు ఒక్కటే కారణమయితే బాధ్యుడు ఆకాశమవుతాడు. ఆకాశం మీద ఎవరూ అర్జీ పెట్టుకోలేరు. వాన రాని ఏడు కథ మనకు వచ్చింది. వాన వచ్చిన ఏడు కథ మనం నేర్చుకోవాలి.

అలాగని సుంకం అంకెలను కథలోకి ఎత్తిపోయమని నేననడం లేదు. అది వ్యాసం పని, నేను చేశాను. రచయితకు అంకె తెలిసి ఉంటే చాలు, కథలో అది అంకెగా కనిపించనక్కర్లేదు. నూనె ప్యాకెట్టుగా కనిపించవచ్చు. బుడ్డలు పండించే ఇంట్లో అలమర మీద పామాయిలు ప్యాకెట్టు, దాని మీద ఆ ఇంటివాళ్లెవరూ ఎన్నడూ చూడని చెట్టు బొమ్మ. పట్నంలో ఉన్నవాళ్లు చెక్కగానుగ నూనెను మూడింతల ధర పెట్టి ఆరోగ్యం కోసం కొనుక్కుంటున్నారు. ఆ గింజ పండించిన ఇల్లు ప్యాకెట్టు కత్తిరిస్తున్నది. ఈ ఒక్క దృశ్యాన్ని నిజాయితీగా రాసినవాడు, నేను ఎనిమిది భాగాల్లో చెప్పినదంతా చెప్పినట్టే.

నంద్యాల సభలో కథ చదివిన ఆ యువకుడు ఈ మధ్య ఉత్తరం రాశాడు. కథ తిరగరాస్తున్నాడట. "ముగింపు మారలేదు సార్, రైతు ఊరు విడవడం అలాగే ఉంది. మొదటి వాక్యం మార్చాను. ఆ ఏడు వాన బాగా పడింది అని మొదలుపెట్టాను. ఆ తర్వాత ఏం రాయాలో తెలియక ఆదోని యార్డుకు పోయి నాలుగు రోజులు కూర్చున్నాను" అన్నాడు.

కూర్చున్నాడు కదా, కథ వస్తుంది. ఆ పెద్దాయన ఊరి పేరు అడిగి పెట్టుకున్నాను. అచ్చయిన రోజున ఒక ప్రతి ఆయనకు పంపాలి.